ఏటికి అవతలి గురి

మా కొండ ఊరు సుర్‌వాల్‌లో ఆదివారం పొద్దున ఏటిగట్టు మీద ఎర్రజెండా ఎగిరిందంటే ఇక ఆ దారిన మనిషి నడవకూడదు. తపాలా బస్సు కూడా వంతెన దగ్గరే ఆగిపోయేది. డ్రైవరు దిగివచ్చి మా హోటలు మెట్ల మీద కూర్చుని కాఫీ అడిగేవాడు. ఏటికి ఇవతల కాల్చేవాళ్ళ కొట్టం. అవతల కొండవాలులో గురిపలకలు. మధ్యలో మూడువందల మీటర్ల గాలి. పక్క బీడులో మేసే ఆవులు తుపాకులు మోగుతున్నా తలెత్తి చూసేవి కావు.

గురిపలకల కింద కొండలోకి తవ్విన కందకానికి మా నాన్న పెద్ద. కంప్యూటరు పలకలు రాకముందు, తూటా ఎక్కడ తగిలిందో చూసి, పొడుగు కర్రకి బిగించిన చక్రాన్ని ఎత్తి అవతలి ఒడ్డుకి చూపించడానికి కందకంలో మనుషులుండేవాళ్ళు. చేతులు చాలని రోజుల్లో నాన్న నన్ను కూడా తీసుకెళ్ళేవాడు. అప్పటికి నాకు ఇరవై దాటాయి.

ఆ కాంక్రీటు గోడకి వీపు ఆనించి కూర్చుంటే నెత్తి మీంచి తూటాలు పోతాయి. ముందు గాలి చిట్లుతుంది, చెవి పక్కనే ఎవరో ఎండుకొమ్మ విరిచినట్టు. ఆ తర్వాత, ఒక రెప్పపాటు ఆగి, అవతలి ఒడ్డు నుంచి తుపాకీ మోత నింపాదిగా ఏరు దాటి వస్తుంది. తొలిరోజు ఆ వరస నాకు అర్థం కాలేదు. నాన్న ముఖంలోకి చూశాను.

"మోత కంటే అదే ముందొస్తుందమ్మా," అన్నాడు నాన్న. "అందుకే తగిలినవాడికి చప్పుడు వినపడదంటారు."

నేను తల ఇంకా కిందికి వంచుకున్నాను. అయినా ఇంటికి వచ్చాక మళ్ళీ ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. కొన్నిటిని చూస్తే భయమూ వేస్తుంది, వదిలిపోబుద్ధీ కాదు. మంచు కరిగేవేళ కొండచరియలు దొర్లే చప్పుడు అలాంటిది. కందకం కూడా నాకు అలాంటిదే.

ఆ రోజుల్లోనే ఉర్సీనా కాల్చడం మొదలుపెట్టింది. మా దేశంలో ఆడవాళ్ళకి ఓటు వచ్చిన కొత్త. ఉర్సీనా నాకంటే నాలుగేళ్ళు పెద్ద, ఎత్తైన మనిషి, భుజాలు తలుపంత. రోడ్ల శాఖలో మంచు తోసే బండి నడిపేది. మా లోయ మొత్తానికి ఆ పని చేసిన మొదటి ఆడది. మాట తక్కువ. ఒకరోజు తండ్రి తుపాకీ భుజాన వేసుకుని కొట్టంలోకి వచ్చింది. లోపలున్న మగవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"వంటిల్లు ఇటు కాదమ్మాయ్," అన్నాడు విజేలి. అతనికి ఊరి కింద కోతమిల్లు ఉండేది. తర్వాత మా తుపాకుల క్లబ్బుకి అధ్యక్షుడయ్యాడు, ఇప్పటికీ అతనే.

"తెలుసు బాబాయ్. అక్కడ గురి చూడటానికేం లేదు," అని ఉర్సీనా చాప పరుచుకుని బోర్లా పడుకుంది.

ఆ రోజు నేను కందకంలో ఉన్నాను. ఉర్సీనా తమ్ముడు ప్లాచి కూడా నా పక్కనే కర్ర పట్టుకుని ఉన్నాడు. మొదటి చప్పుడు రావడానికి ఎంతసేపు పట్టిందంటే, పిల్ల భయపడి లేచిపోయిందేమో అనుకున్నాం. తర్వాత నెత్తి మీద గాలి చిట్లింది. పలక దించి చూస్తే నల్లటి గుండ్రం నడిమధ్యలో చిన్న బెజ్జం. అందులోంచి ఆకాశం కనిపిస్తోంది. రెండోది దాన్ని ఆనుకునే ఉంది. మూడోది తగలలేదని ప్లాచి అన్నాడు. నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరగా చూశాడు. మూడోది మొదటి బెజ్జంలోంచే వెళ్ళింది. అంచు ఒకవైపు మాత్రం కొంచెం చిరిగింది. నాన్న టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆయన చర్చిలో తప్ప టోపీ తీయగా నేనెప్పుడూ చూడలేదు.

అప్పట్నుంచి చప్పుడుని బట్టే ఉర్సీనాని పోల్చుకునేదాన్ని. మిగతావాళ్ళ తూటాలు వాళ్ళ ఓపికని బట్టి తొందరగానో ఆలస్యంగానో వచ్చేవి. ఆమెవి మాత్రం ఒక ఊపిరికి ఒకటి చొప్పున వచ్చేవి. చలికాలంలో కూడా అంతే. పక్క లోయల వాళ్ళు కూడా చూడటానికి వచ్చేవాళ్ళు. పోటీ రోజున ఆమె పడుకోగానే కొట్టంలో మాటలు ఆగిపోయేవి. గ్లాసు కింద పెట్టాలన్నా జాగ్రత్తగా పెట్టేవాళ్ళు.

ఉర్సీనా పెళ్ళి చేసుకోలేదు. ప్లాచి చేసుకున్నాడు. అతనికీ ఓన్నాకీ ఒక్కడే కొడుకు, కుర్దిన్. వాడికి పదిహేడేళ్ళు వచ్చాక ఉర్సీనాయే కాల్చడం నేర్పింది. మొదటి నెలంతా తూటా ముట్టనివ్వలేదు. తుపాకీ విప్పడం, తుడవడం, మళ్ళీ బిగించడం, అంతే.

"ఖాళీదే కదత్తా," అన్నాడు వాడొకసారి, గొట్టం పక్కకి తిరిగినా పట్టించుకోకుండా.

"ఖాళీ తుపాకీ ఎలా ఉంటుందో నేనింతవరకు చూడలేదురా. నువ్వు చూశావా?"

వాడు సిగ్గుపడి గొట్టం నేలకి దించాడు. మంచి పిల్లాడు, తొందరగా నవ్వేవాడు. సైన్యంలో శిక్షణ అయ్యాక అందరు కుర్రాళ్ళలాగే సర్కారు తుపాకీతో ఇంటికొచ్చాడు. మా ఇళ్ళల్లో అది మామూలు. బీరువాలో శీతాకాలపు కోట్ల పక్కన ఒక తుపాకీ ఉంటుంది, ఎవరూ దాని వంక చూడరు.

వడ్రంగి పనిలో చేరాడు, ఒక పిల్లతో తిరిగాడు, ఆ పిల్ల వెళ్ళిపోయింది. వాడు నవ్వడం తగ్గించాడని తర్వాత అందరం అనుకున్నాం. ముందు ఎవరమూ అనుకోలేదు. అక్టోబరులో ఒక పొద్దున, ప్లాచి పశువుల దగ్గరా ఓన్నా చర్చిలోనూ ఉన్నప్పుడు, కుర్దిన్ ఆ తుపాకీతోనే ప్రాణం తీసుకున్నాడు.

శుభ్రం చేస్తుంటే పేలిందని ప్లాచి చెప్పాడు. పాస్టరుకీ అదే చెప్పాడు, ఊరికీ అదే చెప్పాడు. ఊరు తల ఊపింది. చేతులు కడుక్కున్నంత తేలిగ్గా తుపాకీ శుభ్రం చేసే ఊరు మాది. ప్లాచి మాట ఎవరూ నమ్మలేదు. అయినా ఎవరూ కాదనలేదు.

ఉర్సీనా ఆ శీతాకాలం తుపాకీ ముట్టుకోలేదు. బండి నడిపింది, మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లింది, సాయంత్రం మా వంటింట్లో మూలబల్ల దగ్గర కూర్చుని బార్లీ సూపు తాగి వెళ్ళిపోయేది.

అదే శీతాకాలంలో దేశమంతా ఓటింగు వచ్చింది. సైన్యం తుపాకులు ఇళ్ళల్లో ఉండకూడదు, ఆయుధాగారంలో పెట్టాలి అని ఒక ప్రతిపాదన. మా లోయలో ఎటు చూసినా వద్దని రాసిన బోర్డులే. జనవరిలో పట్నం నుంచి ఒకాయన సన్నటి బూట్లు వేసుకుని మంచులో జారుకుంటూ మా హోటలుకి వచ్చాడు. చేతిలో ఒక పోస్టరు నమూనా. అందులో ఉర్సీనా పాత ఫోటో, మెడలో గెలిచిన దండ, భుజాన తుపాకీ. కింద పెద్ద అక్షరాలతో, మా నమ్మకానికి తాళం వెయ్యకండి, అని ఉంది.

"మీ ముఖం చూస్తే జనం నమ్ముతారండీ," అన్నాడతను.

"దేన్ని?" అంది ఉర్సీనా.

"మన సంప్రదాయాన్ని."

"ఆ ఫోటోలో నా పక్కన ఒకడుండాలి. వాణ్ణి కత్తిరించేశారే."

అతను పోస్టరు వంక చూసుకున్నాడు. నిజమే, ఉర్సీనా భుజం మీద ఎవరివో నాలుగు వేళ్ళు మిగిలాయి. అవి కుర్దిన్‌వి. ఆ మాట అతనికి నేను చెప్పాను. అతను కాఫీ సగంలో వదిలి లేచి, క్షమించమని చెప్పి, పోస్టరు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారమే మా మేడగదిలో క్లబ్బు సమావేశం పెట్టారు. ప్రతిపాదన వద్దంటూ తీర్మానం ముందే రాసుకున్నారు, చదివి చేతులెత్తడమే మిగిలింది. గది నిండిపోయింది. ప్లాచి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఉర్సీనా తలుపు దగ్గర నిలబడింది. నేను కాఫీలు పెడుతూ లోపలికీ బయటికీ తిరుగుతున్నాను.

విజేలి లేచాడు. డెబ్బై దాటినా గొంతు తగ్గలేదు. "ఈ లోయలో తాళం వేసే తలుపు ఎక్కడన్నా ఉందా? దేశం మనల్ని నమ్మి చేతికిచ్చింది. ఇవాళ, అయ్యా మమ్మల్ని నమ్మకండి అని మనమే తిరిగి ఇచ్చేస్తే ఆ నమ్మకం మళ్ళీ వస్తుందా? మా నాయన తుపాకీ గోడకి తగిలించి నలుగురు పిల్లల్ని పెంచాడు. మాలో ఒక్కడైనా ముట్టుకున్నాడా?"

చాలామంది బల్లలు తట్టారు. అతను చెప్పింది అబద్ధం కాదు. ఆ నమ్మకంలోనే మేమంతా పెరిగాం.

"నాదొక మాట," అంది ఉర్సీనా.

ఆమె సమావేశంలో మాట్లాడగా అంతకుముందు ఎవరూ వినలేదు. బల్లలు తట్టే చేతులు ఆగాయి.

"కుర్దిన్ తుపాకీ తుడుస్తూ చనిపోలేదు," అంది. "తుడవడం వాడికి నేర్పింది నేను. అలా ఎవరూ చనిపోరు. మీకందరికీ తెలుసు."

ప్లాచి కుర్చీ కిర్రుమంది. అతను లేవలేదు.

విజేలి గొంతు తగ్గించాడు. "ఉర్సీనా, నీ బాధ మాకు తెలుసు తల్లీ. కానీ చావాలనుకున్నవాడిని ఎవరాపుతారు? వంతెన ఉంది. రేపు వంతెనకి కూడా తాళం వేద్దామా?"

"వంతెనకి వెళ్ళాలంటే వాడు మెంజా హోటలు ముందునుంచి పోవాలి," అంది ఉర్సీనా, నా వైపు తల ఊపి. "ఆ వేళకి మెంజా మెట్లు కడుగుతుంటుంది. ఏరా ఇంత పొద్దున్నే ఎక్కడికి అంటుంది. ఊరికే పోనిస్తుందా, చేతిలో రొట్టె ముక్క పెడుతుంది. అది తింటూ చర్చి దాటాలి. లోపల వాళ్ళమ్మ పాడుతుంటుంది, వీధిలోకి వినిపిస్తుంది. చర్చి దాటాక మలుపులో నా బండి ఎదురవుతుంది. నేను లైటు కొడతాను, వాడు చెయ్యూపుతాడు. ఇంతమందిని దాటుకుని వంతెన ఎక్కాలి. పడగ్గది నుంచి బీరువాకి మధ్యలో ఎవరున్నారు బాబాయ్?"

నా చేతిలో ట్రే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

విజేలి అన్నాడు: "సరే. కానీ తూటాలు సైన్యం ఎప్పుడో వెనక్కి తీసుకుంది కదా. ఇళ్ళల్లో ఉన్నవి ఉత్త తుపాకులే."

"వాడికి దొరికింది మన క్లబ్బు తూటాయే. పోటీలో మిగిలితే జేబులో వేసుకుంటాం, ఇంటికెళ్ళాక మర్చిపోతాం. నేనూ వేసుకునేదాన్ని. మీ కోటు జేబులో ఏముందో చూడండి."

విజేలి చెయ్యి జేబులోకి పోయింది. మొహమాటానికి పోయిందో, నిజంగానే చూద్దామని పోయిందో. బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. ఒక గుండీ, కొంచెం తాడు, పంచదార బిళ్ళ, ఇత్తడి తూటా ఒకటి. అది బల్ల మీద అర్ధచంద్రంలా దొర్లి గ్లాసుకి తగిలి ఆగింది. వయసు మళ్ళిన మనిషి దాని వంక చూసి కూలబడ్డట్టు కూర్చున్నాడు. అతని మనవలు ముగ్గురూ ఆ కోటు జేబులో చెయ్యి పెట్టి బిళ్ళలు తీసుకునేవాళ్ళని ఊరందరికీ తెలుసు.

అప్పుడు ప్లాచి లేచాడు. ముఖం సున్నం వేసినట్టుంది. "నా ఇంటి చావు ఈ సభలో బల్ల మీద పెట్టడానికి నువ్వెవరు?" అన్నాడు అక్కతో. "వాడికి కాల్చడం నేర్పింది నువ్వు. ఇప్పుడు ఊరికి నీతులు చెప్పేదీ నువ్వే."

"అవును, నేనే నేర్పాను," అంది ఉర్సీనా.

అతను ఆమె పక్కనుంచే బయటికి వెళ్ళాడు. ఆమె పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. ఆ రోజు తీర్మానం ఎవరూ చదవలేదు.

ఫిబ్రవరిలో ఓట్లు లెక్కపెట్టారు. దేశం ప్రతిపాదనని కాదంది. మా ఊరు ఇంకా గట్టిగా కాదంది. మర్నాడు పొద్దున విజేలి గుమ్మం ముందు మోకాలి లోతు మంచు పడింది. ఉర్సీనా బండి వచ్చి ఆగింది. నేను రొట్టెలకి వెళ్తూ అక్కడే ఉన్నాను.

"ఓడిపోయావుగా," అన్నాడు విజేలి గుమ్మంలోంచి.

"ఓడిపోయాను. మంచు తియ్యనా వద్దా?"

"తియ్యమ్మా తియ్యి," అన్నాడతను. బండి వెళ్ళిపోయాక నాతో, "గెలిచినట్టు లేదు మెంజా," అన్నాడు. నేనూ వద్దనే ఓటు వేశాను. ఆ మాట అతనికి చెప్పలేదు. ఉర్సీనా చెప్పింది విన్నాక కూడా నాకు మా నాన్న తుపాకీని పరాయి గదికి పంపడానికి చేతులు రాలేదు.

ప్లాచి అక్కతో మాట్లాడటం మానేశాడు. వీధిలో ఎదురైతే అటువైపుకి మారిపోయేవాడు. ఆమె మాత్రం వాళ్ళింటి ముందు మంచు అందరికంటే ముందు తీసేది. ఓన్నా కిటికీ తెర కదిలేది కాదు.

మే నెలలో ఏటా జరిగే ఊరి పోటీ దగ్గరపడింది. దానికి వారం ముందు కొండవాలు ఒకచోట జారి కంప్యూటరు పలకల తీగలన్నీ తెంపుకుని ఏట్లోకి పోయింది. బాగుచేసేవాళ్ళు జూన్‌లో వస్తామన్నారు. కుర్రాళ్ళు పోటీ మానేద్దామన్నారు.

"కందకం ఎక్కడికి పోయింది?" అన్నాడు విజేలి. నేరుగా మా వంటింట్లోకి వచ్చాడు. "మీ నాన్న కర్రలు అక్కడే ఉన్నాయి. ఆ పని తెలిసినవాళ్ళు ఇద్దరే మిగిలారు. నువ్వూ, ప్లాచీ."

"ప్లాచి రాడు."

"అడిగి వచ్చాను. అవునూ అనలేదు, కాదూ అనలేదు."

ఆదివారం పొద్దున నేను కందకం తలుపు తీస్తుంటే ప్లాచి వెనకే వచ్చాడు. "అక్కడ మనుషుల ముఖాలు చూడక్కర్లేదుగా," అన్నాడు. అంతే అన్నాడు. ఇద్దరం లోపలికి దిగాం. తడి మట్టి వాసన, పాత జిగురు వాసన. నాన్న కర్రలు గోడకి ఆనించినవి ఆనించినట్టే ఉన్నాయి. నా మోకాళ్ళు నాకు యాభై ఎనిమిదేళ్ళని గుర్తుచేశాయి. పలక మీద బెజ్జాలు మూసే కాగితపు బిళ్ళలకి జిగురు పూస్తూ గోడ పక్కన కూర్చోగానే మళ్ళీ ఇరవైలోకి పోయినట్టనిపించింది.

ఫోను పెట్టె మోగింది, అవతల నుంచి విజేలి మొదలుపెడుతున్నామన్నాడు. ఈ ఏడాది కొత్త పద్ధతి పెట్టాననీ, కాల్చడం అయ్యాక ఒక్కొక్కడి జేబులు తనే తడిమి చూస్తాననీ, కుర్రాళ్ళు సణుగుతున్నారనీ కూడా చెప్పాడు. తూటాలు మొదలయ్యాయి. ఎండుకొమ్మ విరిగిన చప్పుడు, వెనకాల ఏరు దాటి వచ్చే మోత. పలక దించడం, చూడటం, బిళ్ళ అతికించడం, చక్రం ఎత్తి చూపించడం. నడిమధ్యలో తగిలితే మాత్రం చక్రం కాదు, ఎరుపూ తెలుపూ చిన్న జెండా ఊపాలి. పొద్దుటినుంచి దాన్ని రెండుమూడుసార్లకి మించి తియ్యలేదు. గాలి ఎదురుగా ఉంది.

మధ్యాహ్నానికి కొంచెం ముందు అవతల నిశ్శబ్దమైంది. ఎంతకీ తూటా రాలేదు. ఫోను కూడా మోగలేదు. ప్లాచి కర్ర పట్టుకుని పైకి, కందకం నోట్లోంచి కనిపించే ఆకాశం ముక్క వంక చూస్తున్నాడు. గాలి చిట్లింది. పలక దించాం. నడిమధ్యలో బెజ్జం. వెలుతురు దారంలా లోపలికి పడింది.

"అక్క," అన్నాడు ప్లాచి.

ఆమె కాల్చడానికి వస్తుందని మాకెవరూ చెప్పలేదు. నేను బిళ్ళ అతికించాను. అతను జెండా ఊపాడు, ఒకసారి, పద్ధతి ప్రకారం.

రెండోది వచ్చింది. మూడోది వచ్చింది. అరవై దాటిన మనిషి, ఏడు నెలలుగా తుపాకీ పట్టని మనిషి, ఎదురుగాలి. అయినా ఆ ఎడం మారలేదు. ఒక ఊపిరి, ఒక చప్పుడు. నేను దేవుడి గురించి ఎక్కువ ఆలోచించే మనిషిని కాను. కానీ ఆ గుంటలో కూర్చుని, మూడువందల మీటర్ల అవతల ఒక గుండె నెమ్మదించడం నా నెత్తి మీంచి వింటుంటే చేతిలో బిళ్ళ చేతిలోనే ఉండిపోయింది. అంత నిలకడ ఒక మనిషిలో ఎక్కడ ఉంటుంది? దుఃఖం దాన్ని ఎందుకు ముట్టుకోలేదు? ముట్టుకునే ఉంటుంది. అయినా అది నిలిచింది. అదే చేత్తో ఆమె మేనల్లుడికి నేర్పింది, అదే నిలకడతో ఊరందరి ముందు నిజం చెప్పింది. ఈ మూడూ చేసింది ఒక్క మనిషే.

చివరి తూటా వచ్చాక పలక దించాం. ప్లాచి నన్ను బిళ్ళ అతికించనివ్వలేదు. దగ్గరగా వచ్చి చిటికెనవేలు ఆ బెజ్జంలో పెట్టాడు. అంచు ఇంకా వెచ్చగా ఉందేమో, ఉండదనుకుంటాను. కానీ అతను వేలు తియ్యలేదు. అతని భుజాలు కదిలాయి. అలా ఎంతసేపు నిలబడ్డాడో నేను చూడలేదు, ముఖం గోడవైపు తిప్పుకున్నాను.

తర్వాత పలక పైకి నెట్టి జెండా అందుకున్నాడు. ఊపాడు. ఆగలేదు. కందకం అంచు మీదికి చేతులు పూర్తిగా చాచి, ఈ చివరినుంచి ఆ చివరికి, ఊపుతూనే ఉన్నాడు. ఫోను మోగింది.

"ఏమైంది మెంజా?" అన్నాడు విజేలి. "ఒక్క తూటాకి ఎన్నిసార్లు ఊపుతారు?"

"ఊపనియ్యండి బాబాయ్."

అతను ఫోను పెట్టేశాడు. అక్కడ ఏం జరిగిందో తర్వాత చెప్పారు. జెండా ఆగకపోయేసరికి కొట్టంలో అందరూ లేచి ముందుకొచ్చారట. ఉర్సీనా తుపాకీ తెరిచి, ఖాళీ అని విజేలికి చూపించి, చాప మీద పెట్టి లేచిందట. చెవులకున్న డిప్పలు తీసేసిందట. తలమీద టోపీ తీసి చేత్తో పైకెత్తి పట్టుకుని, తమ్ముడి జెండా దిగేదాకా అలాగే నిలబడిందట. ఆ తర్వాత కాల్చాల్సినవాడు తన వంతు మధ్యాహ్నానికి వాయిదా వేసుకున్నాడు.

ఎర్రజెండా దించాక మేము కందకంలోంచి ఎక్కి వంతెన దాటాం. కొట్టం పక్కన పొడుగు బల్లలు వేశారు, మా అల్లుడు కుండలోంచి సూపు పోస్తున్నాడు. ఉర్సీనా చివరి బల్ల దగ్గర ఒక్కతే ఉంది. ప్లాచి వెళ్ళి ఎదురుగా కూర్చున్నాడు. రొట్టె తీసుకుని రెండు చేసి సగం అటు తోశాడు. నేను కొంచెం దూరంగా నిలబడ్డాను, అయినా మాటలు వినిపించాయి.

"ట్రిగ్గరు లాగేటప్పుడు వాడు నాలిక బయటపెట్టేవాడు," అన్నాడు ప్లాచి.

"ఎడం పక్కకి," అంది ఉర్సీనా. "ఎన్నిసార్లు చెప్పినా మానలేదు. కరుచుకుంటావురా అంటే, ఇది నా గాలి కొలతత్తా అనేవాడు."

ప్లాచి నవ్వబోయాడు, అది సగంలోనే విరిగిపోయింది. ఉర్సీనా బల్ల మీంచి చెయ్యి చాచి అతని మణికట్టు పట్టుకుంది. ఇద్దరూ సూపు చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నారు.

విజేలి గ్లాసు పట్టుకుని వచ్చాడు. పెద్దమనిషికి నిశ్శబ్దం ఎక్కువసేపు పడదు. "చూడు ఉర్సీనా, నువ్వు ఆ రోజు చెప్పినదానికి నేనింకా ఒప్పుకోలేదు. వచ్చే ఏడు మళ్ళీ ఓటు పెట్టినా వద్దనే వేస్తాను."

"వేసుకోండి."

"అది కాదు. ఇట్లా కాల్చే మనిషివి తుపాకీ ఇంట్లో వద్దంటే నాకు బుర్రకెక్కట్లేదు."

"ఇట్లా కాల్చే మనిషిని కాబట్టే అంటున్నా," అంది ఉర్సీనా. "అది ఎంత దూరం పోగలదో మీ అందరికంటే నాకు బాగా తెలుసు. కూర్చోండి బాబాయ్, నిలబడి వాదిస్తే మోకాళ్ళు నొప్పెడతాయి."

అతను కూర్చున్నాడు. ఇద్దరూ ఆ సాయంత్రమంతా వాదించుకున్నారు. నమ్మకం, తాళం, పిల్లలు, పాత రోజులు. ప్లాచి మధ్యలో ఒకటిరెండు మాటలు అన్నాడు. ఒకసారి విజేలి వైపు, ఒకసారి అక్క వైపు. ఎవరూ గెలవలేదు. లేచేటప్పుడు ప్లాచి, "ఆదివారం భోజనానికి రా. ఓన్నా రమ్మంది," అన్నాడు.

ఉర్సీనా అతని ముఖంలోకి చూసింది. "నిజంగా రమ్మందా?"

"లేదు. నేనే అంటున్నా. దాన్ని ఒప్పించాలి."

"అయితే ఒప్పించాకే వస్తాను."

ఓన్నా ఆ ఎండాకాలం ఒప్పుకోలేదు. శీతాకాలం కూడా ఒప్పుకోలేదు. తల్లి కదా, ఆమెకి తొందరేముంది. మరుసటి ఏడు వసంతంలో ఒక పొద్దున నేను మెట్లు కడుగుతుంటే ఓన్నా చర్చి నుంచి వస్తూ ఆగింది. ఉర్సీనాకి గొడ్డుమాంసం ఇష్టమా, గొర్రెమాంసం ఇష్టమా అని అడిగింది. గొర్రె అని చెప్పాను.